నక్కతోలుకో తేనెపట్టు

ఒక పెద్ద అడవిలో, ఆ అడవికంటే కాస్త పెద్దదైన సభ ఒకటి ఉండేది. దాని పేరు గుమ్మడిగుట్టల వన్యప్రాణి మహాసభ. ఏ జంతువుకు ఒంటి మీద దురద పుట్టినా గోక్కోవడానికి ముందు సభకు అర్జీ పెట్టుకోవాలి. అర్జీ ఆమోదం పొంది తిరిగి వచ్చేసరికి దురద దానంతటదే పోయి ఉండేది. సభ కృషి వల్ల అడవిలో దురదలు తగ్గుతున్నాయని ఏటా నివేదికలో రాసుకునేవారు.

ఆ నివేదికలు రాసేది గుండ్లయ్య అనే అలుగు. ఒళ్ళంతా పొలుసులు, నాలుక పొడుగు, మాట పొట్టి. చీమలూ చెదపురుగులూ తప్ప ఇంకేమీ ముట్టడు. ఇలాంటివాడుంటే కాగితాలకు చెద పట్టదన్న ధీమాతోనే అతన్ని గుమాస్తాగా వేసుకున్నారు. పనిమంతుడే గానీ ఒక్క అలవాటు. ఎవరైనా నిలదీసి అడిగితే చటుక్కున బంతిలా ముడుచుకుపోయేవాడు. అడిగినవాడు విసుగెత్తి వెళ్ళిపోయాక మెల్లగా విచ్చుకునేవాడు. అందుకే పదకొండేళ్ళ సర్వీసులో అతని మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు.

ఒక ఎండాకాలం పొద్దున అడవికోడి మాణిక్యం రెక్కలు టపటపలాడిస్తూ సభలోకి వచ్చిపడింది.

"గుడ్లు పోతున్నాయి మహాప్రభో! మేతకు పోయేముందు ఆరుంటాయి. తిరిగొచ్చేసరికి గూడు ఖాళీ. ఈ ఏడు నా ఇంట్లో ఒక్క పిల్లయినా కిచకిచమనలేదు!"

అధ్యక్షుడు జాంబయ్య ఒక కన్ను తెరిచాడు. ఆయన ఎలుగుబంటి. మనసు మంచిది, నిద్ర ఎక్కువ.

"ఎవరు చేశారో చూశావా అమ్మా?"

"చూసుంటే కళ్ళు పొడిచి ఇక్కడికి తెచ్చేదాన్ని కదండీ."

అప్పుడు సభ్యుడు ఉడుము గట్టయ్య లేచాడు. గట్టయ్య ఏదైనా మాట పట్టుకున్నాడంటే నలుగురు లాగినా వదలడు.

"చూడాలా? ఇందులో చూసేదేముంది అధ్యక్షా! నక్కలు! ఈ అడవిలో ఏం పోయినా నక్కలే! మొన్న నా గొడుగు పోయింది, నక్కలే! వానలు ఆలస్యమయ్యాయి, నక్కలే!" అని మధ్యలో ఒకసారి గట్టిగా త్రేన్చాడు. పొద్దున్నే బలమైనదేదో తిని వచ్చినట్టున్నాడు. "నక్కతోలు తెచ్చినవాళ్ళకు తోలుకో తేనెపట్టు బహుమానం ప్రకటించాలని నా తీర్మానం!"

జాంబయ్య రెండో కన్ను కూడా తెరిచాడు. "ఎవరి తేనె?"

"సభ తేనె."

"సభ తేనె అంటే, నేను చూసుకుంటున్న తేనేనా?"

"చూసుకునేది మీరు. తేనె ప్రజలది."

జాంబయ్య మూతి నాక్కుని నిట్టూర్చాడు.

"పైగా మనకు ఖర్చే లేదు," అన్నాడు గట్టయ్య. "వచ్చిన తోళ్ళను డిపోలో పెట్టి మనమే అమ్ముదాం. ఆ రాబడితో మళ్ళీ తేనె కొందాం."

నక్కల గురించిన చర్చ కాబట్టి ఆ రోజు సభకు నక్కలను పిలవలేదు. తీర్మానం ఏకగ్రీవమైంది.

వచ్చిన తోళ్ళు నిజమైనవో కావో ఎవరు చూడాలన్న దగ్గర కాసేపు తగువు పడ్డారు. చివరికి గట్టయ్యే తేల్చాడు. "బొచ్చున్నవాణ్ణి వేస్తే బొచ్చు మీద పక్షపాతం చూపిస్తాడు. మన గుండ్లయ్యకు వీపు మీద ఒక్క వెంట్రుక లేదు. వాడికంటే నిష్పక్షపాతి ఎవడు?"

గుండ్లయ్య వెంటనే ముడుచుకుపోయాడు. సభలో ముడుచుకోవడమంటే తలవంచి ఒప్పుకున్నట్టే లెక్క. చప్పట్లు కొట్టారు.

గుండ్లయ్య భయానికి కారణం ఉంది. అతని బొరియ పక్క బొరియ నక్క సింగారమ్మది. మొగుడు పోయాడు, ముగ్గురు పిల్లలు. పోయిన ఏడు పుట్టలన్నీ ఎండిపోయి గుండ్లయ్య తిండి లేక సొమ్మసిల్లి పడుంటే, ఎక్కడెక్కడ చెదలున్నాయో వాసన పట్టి, అతన్ని ముక్కుతో దొర్లించుకుంటూ అక్కడిదాకా తీసుకుపోయింది ఆవిడే. దారిలో పిల్లలు కూడా తలా ఒక తోపు తోశారు. అలాంటి ఇంటి మనుషుల తోళ్ళకు ముద్ర వేసే ఉద్యోగం వచ్చింది అతనికి.

గుండ్లయ్యకు ఎదిరించడం చేతకాదు. చేతనైంది నిబంధనలు రాయడం. మూడు రోజులు కూర్చుని పద్నాలుగు నిబంధనలు రాశాడు. లైసెన్సు లేనిదే వేటాడకూడదు. లైసెన్సున్న వేటగాణ్ణి ఇంకో వేటగాడు వేటాడకూడదు. ప్రతి తోలుకూ రెండు చెవులు, ఒక తోక విధిగా ఉండాలి. తొమ్మిదో నిబంధన దగ్గర చాలాసేపు కలం నాకుతూ కూర్చుని ఇలా రాశాడు: "వేటాడదలచిన నక్కకు ఒక పూట ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు దాని కాలిముద్ర తీసుకోవలెను."

సభలో ఎవరూ మూడో నిబంధన దాటి చదివే అలవాటు లేదు. జాంబయ్య నిద్రలోనే సంతకం చేశాడు.

ఆ సాయంత్రం సింగారమ్మ వచ్చింది.

"ఏం తమ్ముడూ, మా తోలుకు ఎంత కట్టారేమిటి?"

"ఒక... ఒక తేనెపట్టు, అక్కా."

"ఒక్కటేనా?" సింగారమ్మ మొహం మాడిపోయింది. "కుందేలు తోలుకు కూడా అంతకంటే ఎక్కువ పలుకుతుంది కదయ్యా. కాస్త పెంచి రాయలేకపోయావా?"

"పెంచితే ఇంకా ఎక్కువమంది వస్తారక్కా," అని గుండ్లయ్య ముడుచుకుపోయాడు. సింగారమ్మ నవ్వుతూ అతన్ని ముక్కుతో ఇంటిదాకా దొర్లించింది.

లైసెన్సు మొట్టమొదట తీసుకున్నది రేచుకుక్క రణబాబు. వెనకాల తొమ్మిదిమంది బంటులు. ఛాతీ విరుచుకుని నడుస్తాడు, నవ్వితే కోరలు ముందు కనబడతాయి. తీరా మొదటి వేటకు పోతే, నోటీసు అందుకున్న నక్క కాలిముద్ర వేసి, "ఒక పూట గడువుంది కదా బాబూ, నీడన కూర్చోండి" అని చెప్పి సామాను సర్దుకుని కొండ దాటిపోయింది. రెండో నక్క నోటీసులో అక్షరదోషం ఉందని తిప్పి పంపింది. మూడోది ముసలి నక్క. తనను వేటాడటానికి గల కారణాలు మూడు ప్రతుల్లో కావాలని జవాబు రాసింది.

నెల గడిచింది. ఒక్క తోలు రాలేదు. రణబాబు సభకు వచ్చి గర్జించాడు.

"ఇది వేటా, తపాలా ఉద్యోగమా? ఆ తొమ్మిదో నిబంధన తీసేయండి. పొద్దు తిరిగేలోగా నలభై తోళ్ళు పడేస్తాను. ఈ గుమాస్తా పక్క బొరియ నుంచే మొదలెడతాను."

గట్టయ్య బల్ల గుద్దాడు. "సోమవారం దాకా చూద్దాం. ఒక్క తోలన్నా రాకపోతే తొమ్మిదో నిబంధన రద్దు!"

గుండ్లయ్య ఆ రోజు ముడుచుకోవడం కూడా మరిచిపోయాడు. పడుతూ లేస్తూ సింగారమ్మ బొరియకు పోయి సంగతంతా చెప్పాడు.

"వెళ్ళిపో అక్కా. పిల్లల్ని తీసుకుని ఈ రోజే వెళ్ళిపో."

"ఎక్కడికి పోను? పక్క అడవిలో మాత్రం సభ లేదూ?" అంటూ సింగారమ్మ వీపును రాయికేసి రుద్దుకుంటోంది. ఎండాకాలం కదా, చలికాలపు బొచ్చంతా కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతోంది. "నిబంధనలు ఒకసారి చదివి పెట్టు."

గుండ్లయ్య మొదటి నుంచీ చదివాడు. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది.

"తోలుకు రెండు చెవులు, ఒక తోక ఉండాలని రాశావు. సరే. తోలు లోపల నక్క ఉండి తీరాలని ఎక్కడైనా రాశావా?"

గుండ్లయ్య ముందుకూ వెనక్కూ తిరగేశాడు. "లేదక్కా."

"వేటగాడు నక్క కాకూడదని?"

"అదీ... లేదు."

సింగారమ్మ రాయి కింద రాలిన బొచ్చు కేసి చూసింది. పిల్లల కేసి చూసింది. "పోయి మోదుగాకులు కోసుకు రండర్రా," అంది.

మోదుగాకులను పెద్ద విస్తరిలా కుట్టారు. దాని మీద తుమ్మజిగురు పూసి, ఊడిన బొచ్చంతా అద్దారు. ఎండిన టేకాకు మడిచి చెవులు చేశారు. రెల్లుగడ్డి కుచ్చుకు బొచ్చు చుట్టి తోక పెట్టారు. చిన్న పిల్ల ఉత్సాహం పట్టలేక ఇంకో తోక కూడా తగిలించబోతే తల్లి మూతి మీద ఒకటిచ్చింది.

ఇక లైసెన్సు కాగితం. జాతి అన్న గడిలో ఏం రాయాలో గుండ్లయ్యకు తోచలేదు. చాలాసేపు ఆలోచించి "స్థానికురాలు" అని రాశాడు. దాన్ని దురదల అర్జీల మధ్య దూర్చాడు. జాంబయ్య అన్నింటితో పాటు దానికీ ముద్ర కొట్టాడు.

సోమవారం ఆఫీసు కిటకిటలాడింది. తొమ్మిదో నిబంధన రద్దయ్యే ముచ్చట చూద్దామని రణబాబు బంటులతో సహా వచ్చి కూర్చున్నాడు. అప్పుడు మెడలో లైసెన్సు బిళ్ళ వేలాడేసుకుని, నోట తోలు కరుచుకుని సింగారమ్మ నడిచి వచ్చింది.

"ఏయ్! ఇది నక్క!" అని రణబాబు ఎగిరి లేచాడు.

గుండ్లయ్య నిబంధనల కాగితం ఎత్తి పట్టుకున్నాడు. "అయ్యుండొచ్చండి. కానీ లైసెన్సున్న వేటగాళ్ళను వేటాడకూడదు. ఆరో నిబంధన."

రణబాబు నోరు తెరిచే లోపల గట్టయ్య ఆనందంతో తోక ఊపాడు. "చూశారా సభ్యులారా! నక్కల్లోనే నక్కలంటే గిట్టనివాళ్ళు బయలుదేరారు! మన విధానం ఎంత గొప్పదైతే ఈవిడ సొంతవాళ్ళనే కాదనుకుని వచ్చింది! అమ్మా, నీలాంటివాళ్ళు కావాలి!"

సింగారమ్మ తల వంచుకుని, "ఏదో, నా వంతు సేవ," అంది.

తోలు బల్ల మీదికి వచ్చింది. రణబాబు ముక్కు ఆనించి గట్టిగా పీల్చాడు. బొచ్చు అసలైనదే కాబట్టి వాసనకు వంక పెట్టలేకపోయాడు. "వాసన నక్కదే," అని గొణిగాడు.

గుండ్లయ్య తోలు తిరగేశాడు. వెనకంతా మోదుగాకు, దాని మీద చీపురుపుల్లల కుట్లు. ఎడమ చెవి జారి ముక్కు దగ్గరికి వచ్చేస్తోంది. ఒళ్ళంతా బిగుసుకుంది, తల పొట్టలోకి దిగబోయింది. కానీ ముడుచుకుంటే ముద్ర వేసేదెవరు? చెవిని బొటనవేలితో పైకి నెట్టి, ముద్ర ఎత్తి, బల్ల అదిరేలా కొట్టాడు.

"నికార్సైన తోలు. ఒక తేనెపట్టు ఇవ్వండి."

ఆ క్షణంలో గుండ్లయ్య తన జీవితంలో మొదటిసారి కాళ్ళ మీద నిటారుగా నిలబడి ఉన్నాడని ఎవరూ గమనించలేదు. అతనూ గమనించలేదు.

ఆ తర్వాత వారంలో, కొండ దాటిపోయినది కూడా తిరిగొచ్చి, అడవిలోని నలభై నక్కలూ స్థానికులుగా లైసెన్సులు తీసుకున్నాయి. బొచ్చు ఊడేకొద్దీ తోళ్ళు వచ్చాయి. సంగతి కనిపెట్టిన కోతులు కొబ్బరిపీచుకు మట్టి రాసి తెచ్చాయి. అడవిపంది ఒకడు చీపురుకట్టనే తెచ్చి, "ముసలి నక్కండి, బక్కచిక్కింది" అన్నాడు. రోషం చంపుకుని రణబాబు కూడా తన బంటుల బొచ్చు దువ్వి ఆరు తోళ్ళు పట్టుకొచ్చాడు. ఒకటి ఒప్పుకున్నాక ఇంకొకటి కాదనలేక గుండ్లయ్య ముద్ర కొడుతూనే ఉన్నాడు. జాంబయ్య మాత్రం తరిగిపోతున్న తేనె కేసి చూసి రోజుకొకసారి కళ్ళు తుడుచుకునేవాడు.

డిపోలో తోళ్ళు గుట్ట పడ్డాయి. మొదట ఒక నెమలి ముచ్చటపడి ఒకటి భుజాన వేసుకుంది. మర్నాటికల్లా నక్కతోలు కప్పుకోనివాడు అనామకుడైపోయాడు. నడి ఎండాకాలంలో, నీడలో కూడా నిప్పులు కురుస్తుంటే, పెద్ద పెద్ద జంతువులు నక్కతోళ్ళు కప్పుకుని చెమటలు కక్కుతూ, "ఆహా, ఎంత హాయిగా ఉందో" అనుకుంటూ తిరిగేవి. సభ్యులకు తోళ్ళు ఉచితం కాబట్టి సభ్యులే ఎక్కువ కప్పుకునేవారు. గట్టయ్య నాలుగు వేసుకునేవాడు. అందువల్ల తేనె కొనడానికి రాబడి రానే లేదు.

ఒకరోజు జాంబయ్య గుండ్లయ్యను పిలిచి లెక్క చెప్పమన్నాడు.

"అడవిలో మొత్తం నక్కలు నలభై అండి. వచ్చిన తోళ్ళు రెండు వందల పన్నెండు. కాబట్టి ప్రస్తుతం అడవిలో మైనస్ నూట డెబ్బై రెండు నక్కలున్నాయి."

"అంటే?"

గుండ్లయ్యకూ తెలియదు. కాసేపు ఆలోచించి, "అంటే, బయటినుంచి నూట డెబ్బై రెండు నక్కలు వచ్చినా మనకు ఒక్క నక్కా లేనట్టేనండి," అన్నాడు.

జాంబయ్య ముగ్ధుడైపోయాడు. "ఇంత ప్రగతి ఏ అడవిలోనైనా ఉందా? పండుగ చేయండి!"

నక్కరహిత అడవి దినోత్సవానికి పెద్ద మైదానంలో వేదిక కట్టారు. వేదిక మీద సభ్యులంతా నక్కతోళ్ళలో మెరిసిపోతూ కూర్చున్నారు. ఉత్తమ వేటగాళ్ళ వరస అని ముందు వరసలో నలభై నక్కలను కూర్చోబెట్టారు. మెడలో దండలు వేసుకుని నక్కలు బుద్ధిగా చప్పట్లు కొడుతున్నాయి.

గట్టయ్య మైకు పట్టుకున్నాడు. "సోదరులారా! ఈ రోజు నుంచి మన గుడ్లు భద్రం! మన పిల్లలు భద్రం! మన..."

ఢమ్మని ఉరిమింది. తొలకరి వాన ఒక్కసారిగా కుమ్మరించింది.

తుమ్మజిగురుకు నీళ్ళు తగిలితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ముందు అధ్యక్షుడి ఎడమ చెవి, అంటే తోలుది, జారి ఒళ్ళో పడింది. తర్వాత తోక ఊడింది. బొచ్చు ముద్దలు ముద్దలుగా కాళ్ళ మీదికి కారిపోయింది. రెండు నిమిషాల్లో మహాసభ సభ్యులంతా మోదుగాకు విస్తర్లు కప్పుకుని, పెళ్ళిభోజనం అయిపోయాక ఎత్తి పారేసిన సరుకులా మిగిలారు.

గట్టయ్య నాలుగు తోళ్ళూ కరిగిపోయాయి. వాటి కింద ఆ పొద్దునే దాచుకున్న ఆరు కోడిగుడ్లు టకటకమని వేదిక మీద దొర్లాయి.

మరుక్షణం మాణిక్యం కేక కొండ అవతలకు వినిపించింది. "నావి! అవి నా గుడ్లు! ఆ మచ్చ గుడ్డు నాకు తెలుసు!"

గట్టయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇవి... సాక్ష్యాలు. దొంగతనం రుజువు చేయడానికి నేనే స్వయంగా సేకరించి భద్రపరిచాను."

మాణిక్యం ఆ సాక్ష్యాలను రెక్కల కింద పొదువుకుని, పోతూ పోతూ సాక్షిని నెత్తి మీద రెండు పోట్లు పొడిచి మరీ పోయింది.

జాంబయ్య మెల్లగా లేచాడు. ఒంటికి అంటుకున్న ఆకులు ఒక్కొక్కటే పీకి కింద పడేశాడు. ముందు వరస కేసి చూశాడు. ఇన్నాళ్ళకు నిద్ర పూర్తిగా వదిలినట్టుంది.

"వీళ్ళెవరు?"

"ఉత్తమ వేటగాళ్ళండి," అన్నాడు గుండ్లయ్య.

"అది కాదు. వీళ్ళు ఏ జంతువులు?"

నలభై నక్కలూ చప్పట్లు ఆపేశాయి. రణబాబు కోరలు బయటపెట్టి ఒక అడుగు ముందుకు వేశాడు. సింగారమ్మ తన ముగ్గురు పిల్లలనూ కాళ్ళ కిందికి లాక్కుని గుండ్లయ్య కేసి చూసింది. బతిమాలలేదు. ఊరికే చూసింది.

గుండ్లయ్య పొలుసులు కటకటలాడాయి. ఒళ్ళు దానంతటదే చుట్టుకోబోయింది. పళ్ళు లేవు కాబట్టి పళ్ళు బిగపట్టలేక, నాలుక గట్టిగా లోపలికి లాక్కుని నిలబడ్డాడు.

"అయ్యా, ఇవాళ్టి నివేదిక నేను రాయాలి. రెండు రకాలుగా రాయొచ్చు. తమరు ఎలా రాయమంటే అలా రాస్తాను. వీళ్ళు నక్కలని రాస్తే, అడవిలో నక్కలు ఉన్నట్టు. ఉంటే ఆ తోళ్ళు దొంగవి. దొంగవైతే తేనెంతా పోయినట్టు, తమరు విస్తరి కప్పుకుని పండుగ చేసినట్టు. అలా కాదు, తోళ్ళు అసలైనవేనని రాస్తే, అడవిలో నక్కలు లేనట్టు. లేనప్పుడు వీళ్ళు నక్కలు అయ్యే వీలే లేదు."

జాంబయ్య ఆలోచించాడు. వాన ఆయన ముక్కు మీది నుంచి ధారగా కారుతోంది. సభ్యులంతా ఆకులు దులుపుకుంటూ ఆయన మొహంలోకి ఆశగా చూశారు.

"తోళ్ళు అసలైనవే," అన్నాడు జాంబయ్య చివరికి. "వాన... వాన కల్తీది."

అందరూ అమ్మయ్య అనుకున్నారు. రణబాబు మాత్రం ఊరుకోలేదు. "కళ్ళ ముందు నక్క కూర్చునుంటే..."

"లేని జంతువును వేటాడటానికి లైసెన్సు ఇవ్వరండి," అన్నాడు గుండ్లయ్య. "మీ లైసెన్సు ఈ క్షణం నుంచి చెల్లదు. బిళ్ళ ఇచ్చి రసీదు తీసుకోండి."

రణబాబు బిళ్ళ విసిరికొట్టి పోయాడు. వాన కల్తీ మీద విచారణకు ఒక సంఘం వేశారు. గుడ్ల పరిరక్షణకు ఇంకో సంఘం వేసి, అనుభవం ఉన్నవాడని గట్టయ్యనే దానికి అధ్యక్షుణ్ణి చేశారు. ఆ మాట చెవిన పడగానే మాణిక్యం పుట్టబోయే పిల్లలతో సహా పక్క అడవికి కాపురం మార్చేసింది. ఆ ఏడాది గుమ్మడిగుట్టల్లో ఒక్క గుడ్డు కూడా పోలేదు. అది కూడా నివేదికలో రాశారు.

నక్కలకు ఆ రోజుతో అన్ని బాధలూ తీరాయి. లేనివాళ్ళ మీద పన్ను వేయలేరు, నిందా వేయలేరు. వానలు ఆలస్యమైనా, గొడుగు పోయినా, ఇంకెవరినైనా వెతుక్కోవాల్సిందే.

వాన వెలిశాక గుండ్లయ్య బొరియ ముందు కూర్చుని ఉంటే సింగారమ్మ వచ్చింది.

"ఏం తమ్ముడూ, అలా ఉన్నావు?"

"పదకొండేళ్ళుగా రాస్తున్నానక్కా. ఒక్కరి మేలు కోసం రాయడం ఇదే మొదలు. అదేమో పచ్చి అబద్ధం. మిగతావన్నీ నిజమే, ఎవరికీ పనికిరాలేదు."

సింగారమ్మ కొండవాలున కొత్త పుట్ట లేచిందని, చెదలు బలంగా ఉన్నాయని చెప్పింది. ఇద్దరూ లేచారు. పిల్లలు దొర్లిస్తామని ఎగబడ్డారు గానీ, గుండ్లయ్య వద్దని నడిచే వెళ్ళాడు.

నీతి: సర్కారు కాగితాల్లో ఒకసారి చచ్చిపోతే చాలు, ఆ తర్వాత నూరేళ్ళు నిక్షేపంగా బతకొచ్చు.